నాలుగో తుపాకికి కారణం

పాత నూలు చీరను తుపాకి తుడిచే గుడ్డలుగా చింపడానికి ఒక పద్ధతి ఉంది. ముందు అంచు తీసేయాలి. జరీ పోగు ఒక్కటి మిగిలినా గొట్టం లోపల గీత పడుతుందట. తర్వాత నాలుగు వేళ్ల వెడల్పున పట్టీలు చింపి, ఆ పట్టీలను చదరపు ముక్కలుగా కత్తిరించాలి. పెద్దవైతే గొట్టంలో ఇరుక్కుంటాయి, చిన్నవైతే మసి సరిగా రాదు. పదిహేడేళ్ల కాపురంలో తబితా ఈ పని ఎన్నిసార్లు చేసిందో ఆ ప్రభువుకే తెలియాలి. ఇవాళ పొద్దున కూడా వసారాలో చాప మీద కూర్చుని, బడికి కట్టీ కట్టీ మెత్తబడిన నీలం చీరను చింపుతోంది. భర్త క్రాంతికుమార్ నిన్ననే హుకుం జారీ చేశాడు మరి. "రేపు పోలీస్ స్టేషన్‌కు పోయి సామాన్లు తెచ్చుకునుడే. గుడ్డలు తయారుగ పెట్టు." సామాన్లంటే తుపాకులు. ఆయన వాటిని ఎప్పుడూ ఆ పేరుతో పిలవడు.

ఒకటా రెండా, మూడు! మామగారు ఆంథోని పోతూ పోతూ వదిలిపోయిన సింగిల్ బ్యారెల్ ఒకటి. అడవి అంచున ఉన్న మక్కచేనులో పందులు పడుతున్నాయని కొన్న డబుల్ బ్యారెల్ ఒకటి. షూటింగ్ పోటీలకని కొన్న చిన్న రైఫిల్ ఒకటి. ఆ పోటీలు ఏ ఊళ్లో జరుగుతాయో గానీ ఈయన వాటి మొహం చూసిన పాపాన పోలేదు. పందుల సంగతి అంతకన్నా ఘనం. ఊళ్లో తుపాకి లేని రైతులంతా చేను చుట్టూ చీరలు కట్టి, డబ్బాలు కొట్టి పంట కాపాడుకుంటారు. మూడు తుపాకులున్న క్రాంతికుమార్ చేనులో కూడా డబ్బా కొట్టేది ముసలి కాపలాదారు భద్రే. అయినా కారణాలకేం కరువు? అడిగితే, "ఒక్కోదానికి ఒక్కో పని ఉంటది, నీకు తెల్వదు తియ్యి" అంటాడు. తెలియదన్న మనిషి చేతే ఆ కారణాలన్నీ దరఖాస్తుల్లో రాయించాడు. టీచరు కదా, దస్తూరి బాగుంటుంది కదా! బడిలోనూ అదే తంతు. "మేడమ్‌గారి అక్షరాలు అచ్చుగుద్దినట్టుంటయి" అంటూ హెడ్మాస్టరు తన రిజిస్టర్లన్నీ ఆమె బల్ల మీదికి తోస్తాడు. పొగిడి పని చేయించుకోవడం కొందరికి ఉగ్గుపాలతోనే వస్తుందేమో.

ఇప్పుడు నాలుగోది కావాలి. చేతిలో ఇమిడే రివాల్వర్. ఒక మనిషికి మూడుకు మించి ఇవ్వరు కాబట్టి అది తబితా పేరు మీద రావాలి. ఫిబ్రవరిలో ఒకరోజు అన్నం తింటూ ఆ మాట ఎత్తాడు.

"నాకెందుకండి తుపాకి?"

"బడికి ఒక్కదానివే పోతవ్. అడవి తొవ్వ. అన్నలు తిరిగే జాగ. ఆడమనిషికి రక్షణ వద్దా?"

"పన్నెండేండ్ల సంది పోతున్న. ఆ తొవ్వల నాకెన్నడూ భయం గాలేదు."

"కాలేదంటే ఎట్ల? కావాలె. భయముంటెనే లైసెన్సు ఇస్తరు. భయమున్నదని రాయి."

ఉన్న మూడు చాలవా అని ఆమె గొణిగితే, ముద్ద నములుతూనే అన్నాడు, "బీరువ నిండ చీరెలున్నయి. క్రిస్మస్‌కు ఇంకోటి తెచ్చుకున్నవ్. ఎందుకని నేనడిగిన్నా?" ఆ మాటకు జవాబు అంట్లు తోముతున్నప్పుడు దొరికింది. నా చీరను చూసి ఈ ఇంట్లో ఎవ్వరూ గొంతు తగ్గించలేదు అనుకుంది. దొరికిన జవాబు బోర్లించిన గిన్నెలకు చెప్పుకోవాల్సిందే. అత్తగారు ఇన్నమ్మకు చెప్పుకుందామంటే, చేతిలో జపమాల ఆపకుండానే, "మగోనికి ఏదో ఒక సరదా ఉంటది బిడ్డా. తాగుడు లేదు, తిరుగుడు లేదు. ఇనుప ముక్కల మీద మోజు, అంతే గద. పెట్టి పుట్టినవ్" అంటుంది. పెట్టి పుట్టిన మనిషి మర్నాడు కూర్చుని నీటుగా దరఖాస్తు రాసి సంతకం పెట్టింది.

క్రాంతికుమార్ చెయ్యి చేసుకునే మనిషి కాదు. ఆ మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. కోపం వస్తే తిట్టడు కూడా. లేచి వెళ్లి బీరువా తీస్తాడు. అన్నం తినే బల్ల మీద పాత పేపరు పరుస్తాడు. డబుల్ బ్యారెల్‌ను మధ్యకు విరిచి, గొట్టం కిటికీ వైపు ఎత్తి ఒక కన్ను మూసి చూస్తాడు. నూనె గుడ్డతో తుడుస్తాడు, మళ్లీ చూస్తాడు, మళ్లీ తుడుస్తాడు. చివర్న తుపాకి టక్కున మూసుకుంటుంది. ఇక ఆ ఇంట్లో ఆ విషయం గురించి ఎవరూ మాట్లాడరు. నాలుగేళ్ల కిందట తబితాకు ప్రమోషన్ వచ్చి బోనకల్ హైస్కూల్లో వేసినప్పుడు ఆయన వద్దనలేదు. "నీ ఇష్టం" అన్నాడు. అని, మూడు రోజులు వరసగా బల్ల మీద పేపరు పరిచాడు. ఆమె ఆయన వెనక నుంచి వంటింట్లోకి పోతూ, వస్తూ, అడుగు చప్పుడు కాకుండా నడిచింది. నాలుగో రోజు తనకు ప్రమోషన్ అక్కరలేదని రాసిచ్చింది. "వాడు పొమ్మన్నడు గద, నువ్వే భయపడ్డవ్" అంది ఇన్నమ్మ. నిజమే, ఎవరు ఆపారని? అక్కచెల్లెళ్లకు చెప్పుకోవాలన్నా ఏమని చెప్పాలి? మా ఆయన తుపాకి తుడుచుకున్నాడు, నేను ఉద్యోగం వదులుకున్నాను అనా? వినేవాళ్లు నవ్విపోతారు. కూతురు అక్సా మాత్రం నవ్వదు. బడి నుంచి రాగానే గుమ్మంలో ఆగి, "మమ్మీ, పేపరు పరిచిండా?" అని గుసగుసగా అడిగి, లేదంటేనే లోపలికి వస్తుంది.

అట్లాంటిది, మార్చిలో ఎలక్షన్లొచ్చాయి. ఎలక్షన్లొస్తే లైసెన్సున్న తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి, ఎంతటి మొనగాడైనా సరే. క్రాంతికుమార్ మూడింటినీ దుప్పట్లో చుట్టి, పసిపిల్లల్ని బడిలో దింపినంత దిగులుగా దింపి వచ్చాడు. ఇంట్లో ఏదో మారిందని తబితాకు వారానికి గానీ తెలియలేదు. ఒకరోజు పప్పు తాలింపు వేస్తూ గట్టిగా పాట పాడుతోంది. తన గొంతు తనకే వినిపించి ఉలిక్కిపడింది. అక్సా ఎన్నడూ లేనిది ఇద్దరు స్నేహితురాళ్లను ఇంటికి తీసుకొచ్చింది. ముగ్గురూ ఆ బల్ల మీదే పుస్తకాలు పరిచి, ఇల్లెగిరిపోయేలా నవ్వారు. తబితా కడుపులో ఏళ్ల తరబడి ముడి పడి ఉన్నదేదో సడలింది. అది తన ఒంటి తత్వం అనుకుంది ఇన్నాళ్లూ. గ్యాస్ ట్రబుల్ అని ఎన్ని బిళ్లలు మింగిందో!

మే నెలలో పదో తరగతి ఫలితాలు వచ్చాయి. అక్సాకు ఐదొందల నలభై. ఖమ్మం హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతానంది పిల్ల. "అవసరం లేదు, ఈడనే చదవాలె" అన్నాడు తండ్రి. ఎందుకని తబితా అడిగింది. ఆయన అలవాటుగా లేచి బీరువా దాకా పోయాడు. తలుపు తీశాడు, ఖాళీ అరలు చూశాడు, వెనక్కి వచ్చాడు. వచ్చి, అరిచాడు. కంచం నెట్టేశాడు. ఆశ్చర్యం, తబితా కూడా అరిచింది! అక్సా ఏడుస్తూనే మాటకు మాట చెప్పింది. గంటసేపు ఇల్లు సంతలా ఉంది. అలసిపోయి ఆయనే, "సరే, ఏడ్వండి. ఫారం తెచ్చుకోండి" అన్నాడు. జూన్ ఒకటిన చేర్పించాలి. ఇది కదా కొట్లాటంటే, ఇందులో గెలవొచ్చు కదా అని తబితాకు పదిహేడేళ్లకు అర్థమైంది. కానీ నిన్న స్టేషన్ నుంచి కబురు రాగానే క్రాంతికుమార్ ముఖం విప్పారింది. మూడూ తీసుకుపొమ్మన్నారు, అదే చేత్తో నాలుగోదాని ఎంక్వైరీకి భార్యను తీసుకురమ్మన్నారు. కాఫీ గ్లాసు కింద పెడుతూ నెమ్మదిగా అన్నాడు.

"ఖమ్మం ముచ్చట మల్ల మాట్లాడుదాం. సామాన్లు ఇంటికి రానీ."

ఆ రాత్రి ఆమె మళ్లీ గ్యాస్ బిళ్ల వేసుకుంది. పొద్దుటి నుంచి చీర చింపుతూ రెండుసార్లు వేలు కోసుకుంది.

స్టేషన్‌కు బండి మీద పోయేటప్పుడు దారంతా పాఠం అప్పజెప్పించాడు. ఎవరి వల్ల భయమంటే ఏమనాలి? దొంగలు, జంతువులు, అన్నలు. ఆ వరసలోనే చెప్పాలి. ఆమె వెనక కూర్చుని ఆ వరసలోనే అప్పజెప్పింది.

స్టేషన్ వరండాలో బెంచీ మీద మూడు తుపాకులూ చీటీలు కట్టి పడుకోబెట్టి ఉన్నాయి. క్రాంతికుమార్ కళ్లు అటే పోయాయి. లోపల ఎస్సై రూప్‌సింగ్ దరఖాస్తు తిరగేస్తున్నాడు.

"ఇంట్ల మూడున్నయి గదమ్మా. నాలుగోది ఎందుకు?"

"ఆమె భయస్తురాలు సార్, నేను చెప్త" అన్నాడు క్రాంతికుమార్.

"దరఖాస్తు ఆమెది. ఆమె వాంగ్మూలమే గావాలె. మీరు బయట తుపాకుల నంబర్లు చూస్కొని సంతకం పెట్టుకోండ్రి."

రైటర్ ముత్యాలు కాగితం, పెన్నూ ఆమె ముందుకు జరిపాడు. "టీచరమ్మ గద, మీరే రాయండమ్మా. నా రాత కోడి కెలికినట్టుంటది." క్రాంతికుమార్ ఆమె చెవి దగ్గర వంగి, "చెప్పినట్టే రాయి, జల్దీ" అని బయటికి వెళ్లాడు.

నా పేరు, నా ఊరు, నా ఉద్యోగం. అక్కడిదాకా కలం గబగబా సాగింది. ఎవరి వల్ల ప్రాణభయం అన్న దగ్గర ఆగింది. దొంగలు అని రాయబోయింది. ఆ ఇంట్లో దొంగ పడి ఎన్నేళ్లయింది? జంతువులు. ఆ తోవలో ఆమెకు ఎదురైన అతి పెద్ద జంతువు పొరుగింటి జంపక్క వాళ్ల గేదె. అన్నలు. వాళ్లొచ్చినా ఈ తుపాకుల కోసమే రావాలి. లేని భయాన్ని రాయమంటే మూడు కారణాలు సిద్ధంగా ఉన్నాయి. ఉన్న భయాన్ని రాయాలంటే ఒక్కటే కారణం, అది వరండాలో నిలబడి ఉంది. రాస్తే ఏమవుతుంది? మొగుడి మీద స్టేషన్లో కాగితం పెట్టిందని ఊరు ఊరంతా దుమ్మెత్తిపోస్తుంది. ఇన్నమ్మ గుండెలు బాదుకుంటుంది. ఇవాళ ఇంటికి ఏ ముఖంతో పోవాలి? అసలు రానిస్తాడా? బోనకల్లో అక్క ఉంది, తలుపు తీస్తుంది. ఆ తర్వాత? దొంగలు అని రాసెయ్యవే, పిచ్చిదానా, ఇంటికి పోదువు అనుకుంది. మూడు అక్షరాలు, అంతేగా.

వరండాలో క్రాంతికుమార్ హెడ్ కానిస్టేబుల్‌తో నవ్వుతున్నాడు. "సామాన్లు లేక రెండున్నర నెల్లు, సార్. పిల్ల గూడ ఎదురు మాట్లాడుతున్నది. ఇయ్యాల్టి నుంచి ఇగ ఇల్లు ఇల్లులెక్క ఉంటది."

తబితా రాయడం మొదలుపెట్టింది. ఒక్క కొట్టివేత లేకుండా పేజీన్నర రాసింది. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, ఎస్సై చేతికిచ్చింది.

ఆయన సగం దాకా మామూలుగా చదివాడు. తర్వాత కుర్చీలో సర్దుకుని మళ్లీ మొదటి నుంచి చదివాడు. గొంతు తగ్గించాడు.

"ఎన్నడన్న మీ మీద గురి పెట్టిండా అమ్మా?"

"లేదు సార్. గురి పెట్టే అవసరమే రాలేదు."

"ఇది పైకి పోతే ఆ మూడింటి మీద గూడ ఎంక్వైరీ పడ్తది. తేలేదాక అవి ఈడనే ఉంటయి. మీ ఇంట్ల గొడవ గావచ్చు. ఆలోచించే రాసిర్రా?"

"గొడవైతే పడ్త సార్. ఉత్త చేతులతోటి ఆయన ఎంతసేపు అరుస్తడో అరవనీ. పంపండి."

ఆయన కాగితం కింద సంతకం పెట్టి, గుమ్మం వైపు కేకేశాడు. "హెడ్డు! ఆ మూడూ మల్ల లోపల పెట్టుండ్రి. సంతకాలు ఆపుండ్రి."

క్రాంతికుమార్ దూసుకువచ్చాడు. ఎస్సైని చూశాడు, కాగితాన్ని చూశాడు. ఆమె లేచి నిలబడింది.

"ఏమైంది సార్? ఏందిది? తబితా, ఏం రాసినవ్?"

"నాకు తుపాకి వద్దని రాసిన" అంది తబితా. "మీక్కూడ వద్దని రాసిన."