ఖాళీ గడులు

బతికి ఉన్న చెట్టుకు చచ్చిపోయిన ఏడాది ఉండదు. పట్టికలో ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఈ మాత్రం సంగతి విష్న్యాకు తెలియక కాదు. క్రగూయెవాత్స్ నగరంలో ఆరేళ్ళుగా కాలేజీ పిల్లలకు గణాంకశాస్త్రం చెబుతోంది. ఖాళీ గడి అంటే సున్నా కాదని, అది కనబడిన చోట చెయ్యి ఒక్క క్షణం ఆగాలని ఏటా మొదటి పాఠంలోనే చెబుతుంది.

ఆమె చెయ్యి మాత్రం ఆగలేదు. మూడేళ్ళ కిందట, మార్చి నెలలో ఒక మధ్యాహ్నం అది జరిగింది.

ఆమె చెయ్యి పెట్టిన ఆ లెక్కల ప్యాకేజీ నిజానికి ఆమెది కాదు. ఆమె గురువు ప్రొఫెసర్ లుకిచ్ ఆర్ అనే కంప్యూటర్ భాషలో రాసి, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చని లోకం మీదికి వదిలాడు. ఏది ఎంతకాలం నిలుస్తుందో లెక్కకట్టడం దాని పని. మనుషులైనా, మోటార్లైనా, చెట్లైనా దానికి ఒకటే. ఉద్యోగం నుంచి దిగిపోయే రోజున ఆయన నిర్వాహకుడు అన్నచోట తన పేరు తీసేసి విష్న్యా పేరు పెట్టాడు. పెద్ద పనేమీ ఉండదని, ఏడాదికోసారి ఒక ఉత్తరం వస్తుందని చెప్పాడు. ఆ పనికి జీతం లేదు. ఎంతమంది వాడుతున్నారో తెలియదు. వాడేవాళ్ళు బాగున్నప్పుడు రాయరు.

ఆ మార్చిలో ఉత్తరం వచ్చింది. ప్యాకేజీలను దాచిపెట్టే భాండాగారం వాళ్ళు పంపారు. తనిఖీలో ఒక హెచ్చరిక కనబడుతోంది, రెండు వారాల్లో సరిచేయకపోతే మీ ప్యాకేజీని తీసేస్తాం అని. విష్న్యా దాన్ని చూసేసరికి పదమూడు రోజులు గడిచిపోయాయి. బల్ల మీద దిద్దవలసిన పరీక్ష పేపర్లు రెండు వందలు ఉన్నాయి. ఎక్కడో ఖాళీ గడి ఎదురైతే లెక్క తడబడవచ్చని హెచ్చరిక. ఆమె ప్రోగ్రాములో ఆ చోట ఒక్క వరుస చేర్చింది. ఖాళీ ఉన్నవాటిని ముందే పక్కన పెట్టెయ్యమని. హెచ్చరిక పోయింది.

ప్యాకేజీని పరీక్షకు నడిపి చూసింది. నెగ్గింది. నెగ్గక ఏం చేస్తుంది? లుకిచ్ పరీక్ష కోసం పెట్టిన పట్టికలో ఉన్నవి బల్బులు. ఇరవై బల్బులను ఇంట్లో వేలాడదీసి, ఒక్కొక్కటి ఎన్నాళ్ళకు మాడిందో ఆయన రాసిపెట్టుకున్నాడు. చివరిదాకా ఓపిగ్గా చూశాడు కనుక అన్నీ మాడినవే. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. విష్న్యా దాన్ని భాండాగారానికి పంపి, కిందికి దిగి, రోడ్డు పక్కన నిలబడి జున్ను పెట్టి పొరలు పొరలుగా కాల్చిన వేడి వేడి బూరెక్ రొట్టె తిని, మళ్ళీ పేపర్లు దిద్దడానికి వెళ్ళింది. ఆ తర్వాత ఆ వరుస సంగతి ఆమెకు గుర్తే లేదు.

అది మళ్ళీ గుర్తొచ్చింది ఈ ఏడాది మార్చి మొదటి వారంలో. పోర్చుగల్ నుంచి ఒక విద్యార్థిని భయపడుతూ భయపడుతూ రాసింది. తప్పు నాదే అయి ఉంటుంది, క్షమించాలి, కానీ నా ఓక్ చెట్లలో బతికినవి ఎక్కువ, మీ ప్యాకేజీ మాత్రం అన్నీ త్వరగా చచ్చిపోతాయంటోంది అని. విష్న్యా పది ఉత్తుత్తి చెట్లను పట్టికలో వేసి, ఎనిమిదింటిని బతికించి, రెండింటిని చంపి నడిపి చూసింది. జవాబు ఆ రెండింటిదే వచ్చింది. ఎనిమిది చెట్లు లెక్కలో లేనే లేవు. జవాబు కింద మూలన చిన్న అంకెల్లో ‘2’ అని ఉంది. ఎన్నింటిని లెక్కపెట్టిందో చెప్పే అంకె అది. దాన్ని ఎవరూ చూడరు. తనూ చూడదు.

మోద్రికా గుర్తొచ్చింది.

మోద్రికా అంటే ద్రేనోవా ఊరి కొండవాలున తప్ప ఇంకెక్కడా పండని ప్లమ్ రకం. చిన్న కాయ, నీలి తొక్క. విష్న్యా వాళ్ళ నాన్న చనిపోయాక ఆమెను పెంచిన బాబాయి రాతోమిర్‌కు అవి అరవై రెండు చెట్లుండేవి. ఊళ్ళో ఇంకో పది ఇళ్ళవాళ్ళకూ ఉండేవి. ప్లమ్ చెట్లకు షార్కా అని ఒక తెగులు వస్తుంది. ఆకు మీద మచ్చలు వేసి, పండకముందే కాయలు రాల్చి, చెట్టును మెల్లగా తినేస్తుంది. ఏ రకం దానికి తట్టుకుంటుందో చూడటానికి పండ్ల పరిశోధన కేంద్రం వాళ్ళు మోద్రికావి నలభై, కొత్త రకానివి నలభై నాటి పదిహేనేళ్ళు చూశారు. ఆ లెక్కను అక్కడి ఓబ్రాద్ అనే ఆయన విష్న్యా ప్యాకేజీతోనే కట్టాడు. మోద్రికా నాలుగేళ్ళు నిలుస్తుంది, కొత్తది తొమ్మిదేళ్ళు నిలుస్తుంది అని నివేదిక వచ్చింది. పాతవి పెరికేస్తే కొత్త మొక్కలు ఉచితంగా ఇస్తామన్నారు.

బాబాయి ఒప్పుకోలేదు. అతన్ని ఒప్పించింది విష్న్యానే. నిరుడు ఈస్టర్ పండక్కి వెళ్ళినప్పుడు బల్ల దగ్గర నివేదిక విప్పి, గీతలు వేసి చూపించింది. నా చెట్లకు నలభై ఏళ్ళమ్మా, పచ్చగా ఉన్నాయి కదా అని అతను కిటికీలోంచి చూపించాడు. ఆమె నవ్వింది.

"నీ ఒక్క తోటతో లెక్క తేలదు బాబాయ్," అంది అప్పుడు.

అతను కాసేపు గడ్డం గోక్కుని, మన ఇంట్లో చదువుకున్నది నువ్వొక్కదానివే అన్నాడు. తర్వాత ఆ మాటే పట్టుకుని మిగిలిన పది ఇళ్ళకూ తనే తిరిగాడు. మా విష్న్యా చెప్పింది అన్నాడు. శరదృతువులో యంత్రాలు వచ్చాయి.

ఓబ్రాద్‌ను పట్టిక అడిగితే ఏ పేచీ లేకుండా పంపించాడు. విష్న్యా తను చేర్చిన వరుస తీసేసి మళ్ళీ నడిపింది. మోద్రికా నలభైలో ముప్పై నాలుగు బతికే ఉన్నాయి. చిన్నప్పుడే చచ్చిన ఆరింటిని పట్టుకుని ప్యాకేజీ నాలుగేళ్ళని చెప్పింది. కొత్తవాటిలో ముప్పై ఒకటి చచ్చిపోయాయి.

ఓబ్రాద్‌కు ఫోన్ చేసింది. పరిశోధన తోటలో మోద్రికా ఏమైనా మిగిలిందా అని అడిగింది. డిసెంబరులోనే పెరికి పొట్టు చేశామని, దాంతో మాంసం పొగబెడుతున్నారని, చాలా బాగుంటోందని అతను చెప్పాడు. ఆమె విషయమంతా చెప్పింది. ఆ తోట మా ఆఫీసుకు నలభై కిలోమీటర్లు, నాకు కాగితాలే వచ్చేవి అన్నాడతను.

"చూడమ్మా," అన్నాడు. "లెక్క నీది, సంతకం నాది. ఇద్దరం పోతాం. పోయినా ఆ చెట్లు లేస్తాయా, చెప్పు?"

ఆమె ఫోన్ పెట్టేసింది. ఆమెకు ఒక్క ఆశ మాత్రం ఉంది. తోటంతా పెరికినా, సారా కాచే కొట్టం వెనక రెండు చెట్లు మాత్రం ఉంచుకుంటానని బాబాయి అన్నాడు. రెండు చాలు. మార్చి మొదటివారమే కనుక కొమ్మల్లో ఇంకా నీరు ఎక్కి ఉండదు. పుల్లలు కోసి అంటు కడితే ఊరంతటికీ మళ్ళీ మోద్రికా వస్తుంది. ఆలస్యమైతే మొగ్గలు విచ్చుకుంటాయి. శనివారం దాకా ఆగలేక మర్నాడే సెలవు పెట్టి బస్సెక్కింది. సంచిలో తడిగుడ్డలు, పదునైన చాకు పెట్టుకుంది.

బస్సు దిగి ఎదురెండలో కొండెక్కుతుంటే వాలంతా కొత్త మొక్కలే కనబడ్డాయి. ఒక్కొక్క దానికీ కుందేళ్ళు కొరకకుండా తెల్లటి ప్లాస్టిక్ గొట్టం తొడిగారు. బాబాయి గేటు దగ్గరే ఉన్నాడు. ఆమె పలకరించకుండానే కొట్టం వెనక్కి నడిచింది. అక్కడ రంపపుపొట్టు చల్లిన రెండు మొదళ్ళు ఉన్నాయి, చక్కగా నేలమట్టానికి కోసినవి.

"ఎప్పుడు కొట్టావ్?"

"ఫిబ్రవరిలో. ఏమైంది తల్లీ, అలా తెల్లబోయావేం?"

"ఉంచుతానన్నావు కదా బాబాయ్."

"నువ్వే కదే ఫోన్లో చెప్పావ్, తెగులున్న చెట్టు ఒక్కటి మిగిలినా కొత్త మొక్కలకు అంటుకుంటుందని. పక్కవాళ్ళ మొక్కలు పాడైతే నాకు పాపం కాదూ? వాళ్ళ చేత పెరికించింది నేనేనాయె."

పిన్ని దేసా కాఫీ తెచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, కప్పులు మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. విష్న్యా అక్కడే మొదలు మీద కూర్చుని చెప్పింది. బల్బుల దగ్గర మొదలుపెట్టి, ఉత్తరం, పరీక్ష పేపర్లు, ఆ ఒక్క వరుస, అన్నీ చెప్పింది. బాబాయి కంప్యూటర్ ముట్టుకున్నవాడు కాదు. కానీ అతనికి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"అంటే చచ్చినవాటినే లెక్కపెట్టిందా అది?"

"ఊఁ."

"బతికినవాటిని?"

"తీసేసింది."

"ఎవరు తీసేశారు?"

"నేనే బాబాయ్."

అతను తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, అప్పుడు తను తిరిగి చెప్పిన ఇళ్ళన్నింటినీ వరుసగా చూశాడు. ఆ వాలు మీద నుంచి ఆ పది ఇళ్ళ కప్పులూ కనబడతాయి. తర్వాత లేచి, చేత్తో రమ్మని పిలిచి, కొట్టం పక్కకు తీసుకెళ్ళాడు.

అక్కడ ఆ రెండు చెట్ల కట్టెలు పేర్చి ఉన్నాయి. సన్న కొమ్మలు చాలామటుకు కాల్చేశాడట. కట్టెల కింద ఇరుక్కున్నవి కొన్ని మిగిలాయి. విష్న్యా మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క పుల్లనూ లాగి చాకుతో గీకసాగింది. బెరడు కింద ఆకుపచ్చ కనబడితే ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగు. గోధుమరంగు. ఎండిపోయి తుంపగానే విరిగిపోయేవి కొన్ని. నెల రోజుల కిందట కొట్టిన కొమ్మలో ఏమీ ఉండదని బాబాయికి తెలుసు. అరవై ఏళ్ళుగా అంటు కడుతున్నవాడు. ఆమెను ఆపలేదు. తనూ వంగి, పెద్ద దుంగలు ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెట్టాడు.

దుంగల అడుగున, మంచు కరిగి చెమ్మగా ఉన్నచోట, వేలెడంత పుల్ల ఒకటి దొరికింది. గీకితే ఏదో పచ్చదనం లాంటిది కనబడింది. దానికి రెండు మొగ్గలున్నాయి. ఆమె దాన్ని అతని చేతిలో పెట్టింది. అతను వెలుతురుకు పట్టి చూసి, తడిగుడ్డలో చుట్టమన్నాడు. ఆ మధ్యాహ్నమే ఒక అడవి ప్లమ్ మొక్కకు అంటు కట్టాడు.

పది ఇళ్ళకూ తనూ వస్తానంది విష్న్యా. వద్దన్నాడు.

"నేను చెప్పి పెరికించాను, నేనే చెప్పుకుంటాను. నువ్వు బస్సుకెళ్ళు."

క్రగూయెవాత్స్‌కు తిరిగివచ్చి ఆమె చేయవలసింది చేసింది. తప్పు సరిదిద్దింది. ప్యాకేజీ కొత్త సంచిక వచ్చినప్పుడల్లా ఏం మారిందో ఒక జాబితాలో రాయడం ఈ పనిలో ఆనవాయితీ. ఒక్కో మార్పుకు ఒక్కో వరుస, పొడిగా. ఆమె ఒక పేరా రాసింది. చెరిపింది. చివరికి ‘ముగింపు తేదీ ఖాళీగా ఉన్నవాటిని ఇకపై లెక్కలోంచి తొలగించదు’ అని రాసింది. దీనికన్నా పొడుగ్గా రాస్తే ఎవరూ చదవరు. ఇదీ ఎవరూ చదవరు. మూడేళ్ళలో ఈ ప్యాకేజీతో లెక్క కట్టామని వ్యాసాల్లో రాసుకున్నవాళ్ళు నలభై ఒక్కమంది దొరికితే అందరికీ ఉత్తరాలు పంపింది. పంతొమ్మిది చిరునామా లేక తిరిగొచ్చాయి. ముగ్గురు జవాబిచ్చారు. అందులో ఒకాయన, మా పని అచ్చయి చాలా కాలమైంది, మీ నిజాయితీకి ధన్యవాదాలు అన్నాడు.

ఏప్రిల్ నెలాఖరులో బాబాయి ఫోన్ చేశాడు. పిన్ని ఒంట్లో బాగుందని, పందిపిల్లలు కొన్నామని చెప్పాడు. పుల్ల సంగతి ఆమె అడగలేదు. అతనే చెప్పాడు.

"నల్లబడిపోయిందే తల్లీ. వారమైంది. నీకెలా చెప్పాలా అని చూస్తున్నా."

విష్న్యా, పరీక్ష పట్టికలోంచి బల్బులు తీసేసి నీ చెట్లు పెడతాను, ఏ ఏడాది నాటారో గుర్తుందా అని అడిగింది. ఎందుకని అడగలేదతను. గట్టు పక్క వరుస నుంచి మొదలుపెట్టి, ఇది మీ తాత నాటింది, ఇది మీ నాన్న పెళ్ళి ఏడాది, ఇది వరద వచ్చిన వసంతంలో అంటూ అరవై రెండూ చెప్పాడు. ఆమె రాసుకుంది. ముప్పావు గంట పట్టింది.

"షార్కాతో చచ్చిన ఏడాది అని ఇంకో గడి ఉంది బాబాయ్," అంది చివర్లో.

"ఏదీ చావలేదు కదమ్మా. కొట్టేశాం."

"అయితే ఖాళీగా వదిలేస్తాను."

"ఊఁ," అన్నాడతను. "వదిలెయ్."

ఫోన్ పెట్టేశాక ఆమె ఆ పట్టికను ప్యాకేజీలో పెట్టి భాండాగారానికి పంపించింది. పావుగంటలో యంత్రం రాసిన జవాబు వచ్చింది. తనిఖీ పూర్తయింది, ఎక్కడా తప్పు లేదు అని.