ఇద్దరూ వేసిన ఉప్పు

నా కూతురు రెండు ఇళ్లలోనూ చుట్టంగానే మిగిలిపోతుందేమోనన్నదే నా అతి పెద్ద భయం. మాది ఒక భాష, మా ఆయనది ఇంకో భాష. నెల కిందట మా అన్నయ్య కొడుకు దాన్ని "సగం పిల్ల" అని వెక్కిరించిన రోజు నుంచి నాకు ముద్ద సరిగ్గా దిగలేదు. పిల్ల ఏడవలేదు. మిగతా సగం ఎక్కడుందని మాత్రం అడిగింది.

దాని ఏడో పుట్టినరోజుకి మా అమ్మా, అత్తగారూ కలిసి బంగాళాదుంపల కూర వండుతామన్నారు. ఒకరి మాట ఒకరికి రాదు. నేనూ మా ఆయనా పని నుంచి ఇంకా రాలేదు కాబట్టి పిల్లే అటు మాట ఇటు చేరవేసింది. మా పుట్టింట్లో ఉల్లిపాయలతోపాటే ఉప్పు పడాలి. అత్తగారింట్లో దించేముందు వేస్తారు. అమ్మ ఉప్పు వేసినప్పుడు పిల్ల కొత్తిమీర కోసం కొట్టుకి వెళ్లింది. ఆ సంగతి అత్తగారికి చెప్పేవాళ్లు లేక, దించేముందు ఆవిడా వేశారు. అమ్మ వాసనతోనే రుచి చెప్పేస్తానంటుంది. అత్తగారింట్లో వడ్డించకముందు వండినావిడ నోట పెట్టుకోకూడదు.

మొదటి ముద్దకే మా ఆయన నీళ్ల గ్లాసు అందుకున్నాడు. వంట రానివాళ్లకి గరిటె ఇస్తే ఇంతేనని అమ్మ గొణిగింది. అత్తగారు కూడా ఏదో అన్నారు. అది నాకర్థమైంది, అంత మంచి మాటేం కాదు. ఇద్దరూ తమ మాట అవతలావిడకి చెప్పమన్నట్టు పిల్లవైపు తిరిగారు. ఎవరి పక్షాన మాట్లాడినా రెండో ఇల్లు దూరమైనట్టే.

పిల్ల ఆ మాటలు ఎవరికీ చేరవేయలేదు. గిన్నె ఎత్తుకుని వంటింట్లోకి నడిచి, నన్ను ఇంకో నాలుగు దుంపలు ఉడకబెట్టమంది. వాటిని చిదిమి కూరలో కలిపి, ఒక చెంచా అమ్మమ్మ నోటికి, ఇంకో చెంచా నానమ్మ నోటికి అందించింది. అత్తగారు ఒక క్షణం తటపటాయించి నోరు తెరిచారు.

"మనింట్లో రుచి చూసే ఉప్పు వేస్తాం," అంది పిల్ల, ముందు ఒక భాషలో, తర్వాత రెండో భాషలో.

ఏ ఇల్లని నేనడగలేదు. నెల రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలాను.

కారం చాల్లేదంది అమ్మ. ఏమంటోందని అత్తగారు అడిగితే, "బాగుందంటోంది," అని చెప్పింది పిల్ల.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ ఇద్దర్నీ చెరోపక్క నిలబెట్టి పిల్లే వండుతోంది. నేను కుట్టుపని నుంచి వచ్చేసరికి ఏడవుతుంది. మీరు మా వీధివాళ్లయితే ఆరింటికి ఓసారి మా వంటింట్లోకి తొంగిచూడండి. పిల్ల పొయ్యికి మరీ దగ్గరగా నిలబడిందేమో, చెయ్యేమైనా కాల్చుకుందేమో.