కిక్కిస మీది గద్ద

"మా ఆవిడ ఖాళీగానే ఉంటుందండీ. మీ చెరువుకి కూడా వల అల్లేస్తుంది. దారం తెచ్చి పడెయ్యండి, చాలు."

మా ఆయన బాలాజీ, పక్క చెరువు జగ్గయ్యగారితో ఫోన్లో అంటున్నాడు. నేను పెరట్లో చేపలకి పొలుసు తీస్తున్నాను. ఖాళీగా. అంతకుముందు ఖాళీగా వంట చేశాను, ఖాళీగా అత్తగారి కాళ్ళకి నూనె రాశాను, చెరువులోకి దిగి కర్రలకి చేపలు తినే తవుడు సంచులు కూడా ఖాళీగానే కట్టి వచ్చాను. మా చెరువు పెరటి గట్టు కిందే మొదలవుతుంది. చేపల్ని ఎత్తుకుపోయే పిట్టల్ని డబ్బా కొట్టి తోలడానికి ఇదివరకు ఒక మనిషి ఉండేవాడు. "ఇంట్లో ఉండేదానివేగా, ఆ డబ్బా ఏదో నువ్వే కొట్టరాదూ" అని అతన్ని మానిపించారు. అతని జీతం ఎటుపోయిందో గానీ, డబ్బా మాత్రం నా చేతికొచ్చింది.

డబ్బా కొట్టేదాన్ని ఆకాశం చూడకుండా ఎలా ఉంటాను? అలా పరిచయమయ్యాయి గద్దలు. మన ఊళ్ళో తిరిగేవి కావు. దీపావళి వెళ్ళాక ఎక్కడెక్కడి చలిదేశాల నుంచో కొల్లేటికి వచ్చి, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోయేవి. కిక్కిస గడ్డి మీద బాగా కిందుగా, రెక్కలు పైకెత్తి తేలుతూ పోతాయి. మా చేపల జోలికి రావు. కప్పలూ ఎలకలూ వాటి తిండి. మీగడ రంగు తల ఉన్నది ఆడదట, ఫోన్లో చూశాను. అలాంటిదే ఒకటి, ఎప్పుడో దెబ్బ తగిలి ఒక కాలు కిందికి వేలాడేసుకుని, ఏటా మా పెరటి మీదికొస్తుంది. దాన్ని చూస్తూ పొయ్యి మీద పాలు మర్చిపోతాను. నాకు దానంటే అసూయ. అంత దూరం బయల్దేరే ముందు అది ఎవర్నీ అడిగి ఉండదు. నేను ఏలూరులో అక్క ఇంటికి వెళ్ళాలంటే, ముందు రెండు పూటలకీ వండి పెట్టి, అత్తగారి ముఖం చూసి, ఆయన మూడ్ చూసి అడగాలి. "సంసారం చేసుకునే ఆడదానికి ఆకాశంతో ఏం పనే?" అంటారు అత్తగారు. "గద్దలకి ఇంటిపేర్లు కూడా చెబుతుందండోయ్ మా ఆవిడ" అని ఆయన నలుగుర్నీ నవ్విస్తాడు. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే మళ్ళీ అదొక గొడవ.

ఈ ఏడు చెరువు మీద వల కట్టారు. అల్లింది నేనే, మా పుట్టింట్లో ఆడపిల్లలందరికీ ఆ పని వచ్చు. "గద్దలు చిక్కుకుంటాయేమోనండీ" అన్నాను ఒకసారి మా ఆయనతో. "నీటికాకుల కోసమే ఇది. నీ చుట్టాలు దీని జోలికి రావులే" అన్నాడు. నమ్మాను.

పొలుసు బకెట్ గట్టవతల పారబొయ్యడానికి వెళ్ళి చూశాను. వలకి తలకిందులుగా వేలాడుతోంది. మీగడ రంగు తల నీళ్ళకి తగులుతోంది, కదలిక లేదు. ఎప్పుడూ వేలాడే ఆ కాలికే నైలాన్ దారం బిగుసుకుంది. ముడి నాదే. ఏడుపు రాలేదు. ఏవండీ అని కేకేశాను.

ఆయన వచ్చి చూశాడు. "మంచిదే అయింది. తియ్యకు. చచ్చింది అలా వేలాడుతుంటే మిగతావి భయపడి ఇటు రావు."

కాకుల్ని అలా కడతారని నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు వాళ్ళ చెల్లెలి కోడలి సంగతి పదేపదే చెప్పేవారు. ఎదురు మాట్లాడి ఇల్లు వదిలిపోయిందనీ, పుట్టింటివాళ్ళు కూడా గడప తొక్కనివ్వలేదనీ. నాకే ఎందుకు చెప్పేవారో ఇప్పటికి అర్థమైంది.

ఇంతలో జగ్గయ్యగారు దారం ఉండల సంచితో పెరట్లోకి వచ్చారు. "అమ్మా మంగాదేవీ, తీరిగ్గానే అల్లు తల్లీ, తొందరేం లేదు."

"నాకు ఖాళీ లేదండీ" అన్నాను.

ఈ ఇంటికొచ్చాక ఆ మాట అనడం ఇదే మొదలు. మా ఆయన నవ్వాడు. "ఖాళీ లేదా? అంత పనేం ఉందే నీకు?"

చేపలు కోసే కత్తి తీసుకున్నాను. చీర ఎగదోపుకుని గట్టు దిగాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి.

"ముందు దాన్ని దింపాలండీ. తర్వాత నేను అల్లిందంతా తెంపాలి."