రోష్‌వియెల్‌కు రొట్టెలవాడు కావాలి

నవంబరులో మా ఊరికి ఎవరూ రారు. జులై, ఆగస్టుల్లో వచ్చేవాళ్లు వచ్చి, మా గుండ్రాళ్ల వీధుల్లో చెప్పులు తెగ్గొట్టుకుని, కోట గోడ మీద ఫోటోలు దిగి, కాస్త చలిగాలి తగలగానే ఇళ్లకు తాళాలు వేసుకుని పారిస్‌కో బెల్జియానికో పోతారు. అలాంటిది ఆ శనివారం ఇద్దరు వస్తున్నారని తెలిసి ఊళ్లో ఎవరికీ కాళ్లు నేల మీద ఆనలేదు. వాళ్లు మా బేకరీ తీసుకోవచ్చా లేదా చూసుకోవడానికి వస్తున్నారు.

ఆ బేకరీ నా తమ్ముడు ఫిర్మాన్‌ది. మా నాన్న కాల్చిన కట్టెల బట్టీలోనే వాడూ రొట్టెలు కాలుస్తున్నాడు. పిండి దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. ఇంకా పిండి జోలికి వెళితే మరో చలికాలం చూడవని పట్నంలో డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఫిర్మాన్ శ్రద్ధగా విన్నాడు, టోపీ పెట్టుకున్నాడు, కొండెక్కి వచ్చి మళ్లీ పిండి కలిపాడు. మా కొండదారి మలుపుల్లోకి పట్నం రొట్టెల బండి రాదు. ఊళ్లో మిగిలినవాళ్లలో సగం మంది కిందికి దిగలేరు. ఎవరి చేతికైనా అప్పగించేదాకా బట్టీ ఆర్పనన్నది వాడి మొండిపట్టు. నేను వాడికి అక్కను, పేరు ఊగెత్, మేయరు దగ్గర చేదోడువాదోడుగా ఉంటాను. ఓపిక పట్టరా, మనిషి దొరుకుతాడు, ఈలోగా తక్కువ కాల్చు అని ఏడాదిగా వాడిని ఆపుకుంటూ వస్తున్నాను. రొట్టెలవాడు కావాలని పేపర్లో ప్రకటన వేయించింది కూడా నేనే.

కిటికీల ఆలోచన మాత్రం నాది కాదు. మా మేయరు కాస్తెలాన్‌కు అప్పుడప్పుడూ బుర్ర పనిచేస్తుంది, పనిచేసినప్పుడల్లా మాకు చాకిరీ పెరుగుతుంది. మూసిన కిటికీల మధ్య నడిపిస్తే ఆ వచ్చే రొట్టెల కుర్రాడు సగం దారిలోనే వెనక్కి తిరుగుతాడు, ఆ ఒక్క రోజుకీ అన్నీ తెరిచి పెడదాం అన్నాడు. వేసవి జనం ఇళ్ల తాళాలు ఎలాగూ మా దగ్గరే ఉంటాయి. పైపు పగిలితే చూడడానికి, ఎలుకలు పడితే వెళ్లగొట్టడానికి పొరుగువాళ్లం మేమే కదా. అందరికంటే ఎక్కువ తాళాలు జెలీ దగ్గర ఉన్నాయి. ఎనభై దాటిన మనిషి. నడుముకు ఆ గుత్తి కట్టుకుని తిరుగుతుంటే ఆవిడ రావడం ముందు చెవికి తెలుస్తుంది. శుక్రవారమంతా మేం చెక్క తలుపులు తెరిచాం, మెట్లు ఊడ్చాం, పరాయివాళ్ల పొయ్యిల్లో మా కట్టెలు పెట్టి అంటించాం. గుమ్మాల్లో కుండీలు కూడా సర్దాం. సాయంత్రం కోట దగ్గర నిలబడి చూస్తే నా చిన్నతనంలో ఉన్న ఊరు కనిపించింది. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది.

శనివారం పొద్దున్నే ఆ ఇద్దరూ కింద కారు ఆపి ఎక్కి వచ్చారు. కుర్రాడి పేరు గోతియే, భారీ మనిషి, మాట తక్కువ. ఉత్తరాన లీల్ దగ్గర ఒక పెద్ద రొట్టెల ఫ్యాక్టరీలో మీటలు నొక్కే ఉద్యోగం. చేత్తో పిండి పిసికి ఏళ్లయిందని సిగ్గుపడుతూ చెప్పాడు. అతని భార్య ఫానీ పిట్టంత మనిషి, కళ్లు మాత్రం పోలీసువాళ్లవి. కోట ద్వారం కిందనుంచి లోపలికి రాగానే ఇద్దరూ ఆగిపోయారు. రెండు పక్కలా తెరిచిన నీలం కిటికీలు, పైన పొగ గొట్టాల్లోంచి పొగ. గోతియే భార్య చెయ్యి పట్టుకున్నాడు. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

బట్టలుతికే పాత తొట్టి దగ్గరకు తీసుకెళ్లాను, ఫౌంటెన్ చూపించాను. మేం తొట్టి దగ్గరున్నప్పుడు జెలీ ఒక కిటికీలోంచి చెయ్యూపి బోంజూర్ చెప్పింది. ఫౌంటెన్ దగ్గరకు వచ్చేసరికి ఇంకో ఇంటి కిటికీలో ఉంది. చర్చి సందులో మరో కిటికీలో, ఈసారి తలకు ఎర్ర గుడ్డ కట్టుకుని, రొప్పుతూ. వెనక సందుల్లోంచి మాకంటే ముందు పరిగెత్తుతోందని నాకు అర్థమైంది. ఇది ఎవరూ ఆవిడకు చెప్పిన పని కాదు. ఈ పప్పులు ఫానీ దగ్గర ఉడకలేదు.

"ఆవిడకి అక్కచెల్లెళ్లు ఎంతమందండీ?" అని అడిగింది, చాలా మర్యాదగా.

నేను అబద్ధమాడగలను, ఆడదామనే నోరు తెరిచాను. కానీ పైన జెలీ గోడ పట్టుకుని దగ్గుతోంది. సిగ్గేసింది. ఇద్దరినీ చర్చి మెట్ల మీద కూర్చోబెట్టి ఉన్నదంతా చెప్పేశాను. ఈ ఇళ్లలో ఎవరూ లేరు, చలికాలం రొట్టె కొనే గడపలు రెండు చేతుల వేళ్లకు సరిపోతాయి, అవీ నాలాంటి ముసలి గడపలే అన్నాను. గోతియే చాలాసేపు చేతుల వంక చూసుకున్నాడు. వెళ్లిపోతారనుకున్నాను. ఇంత దూరం వచ్చాను కదా, బట్టీ చూస్తానన్నాడు.

ఫిర్మాన్ గడ్డం గీసుకుని, పెళ్లికి వేసుకున్న చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. దగ్గు రాకుండా పొద్దుటినుంచి ఒక్క మాట మాట్లాడలేదట. వాళ్లిద్దరూ లోపలికి వెళ్లాక నన్నూ ఫానీనీ మరచిపోయారు. ఫిర్మాన్ బట్టీ నోట్లో అరచెయ్యి పెట్టి వేడి చూడడం నేర్పాడు. ఎడమ మూల ముందు కాలుతుంది, పెద్ద రొట్టెలు కుడివైపు పెట్టు అన్నాడు. గోతియే చొక్కా చేతులు మడిచి పిండిలో చేతులు పెట్టాడు. మొదట తడబడ్డాడు, తర్వాత ఆ భారీ వీపు ఊగడం మొదలైంది. నేను చిన్నప్పుడు వెనకనుంచి చూసిన మా నాన్న వీపు అలాగే ఊగేది.

"చెయ్యి ఉంది నీకు," అన్నాడు ఫిర్మాన్. "ఫ్యాక్టరీవాళ్లు పాడు చెయ్యలేదు."

అంతమాట వాడి నోట ఎవరి గురించీ వినలేదు నేను. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. సరిగ్గా అప్పుడే దగ్గు తెర వచ్చింది. ఫిర్మాన్ పిండి బల్ల పట్టుకుని ఒంగిపోయాడు, మొహం నల్లబడింది, ఊపిరి అందక గొంతులో ఈల మోగింది. నేను పట్టుకుని గుమ్మంలోకి తీసుకొచ్చాను. ఫానీ మావైపు చూడలేదు. భర్త కనుబొమల మీద పడిన పిండిని చూస్తోంది. జేబురుమాలు తీసి నెమ్మదిగా తుడిచింది.

మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. రాత్రంతా వైన్‌లో నాని పొద్దుటినుంచి ఉడికిన ఎద్దుమాంసం, మేకపాల జున్ను, ఫిర్మాన్ రొట్టె. రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని గోతియే కళ్లు మూసుకున్నాడు. తర్వాత వాళ్లు తామిద్దరే ఊరు చుట్టి వస్తామన్నారు. నేను ఇంట్లో గిన్నెలు కడుగుతూ కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. ఒకసారి కోట గోడ మీద కనిపించారు, ఒకసారి బేకరీ మేడ మీదున్న మా అమ్మ గది కిటికీ కింద. చేయి చాపి ఏదో చూపించుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. ఒకే గిన్నెను ఎన్నిసార్లు కడిగానో నాకే తెలియదు. దేవుణ్ణి ఏనాడూ నమ్మనిదాన్ని, ఆ పూట అడగాల్సినంత అడిగాను.

పొద్దు వాలుతుండగా కోట గోడ దగ్గర కలిశాం. ఫానీయే మాట్లాడింది. ఊరు తమ మనసు దోచుకుందని, ఇంత అందమైన చోటు జన్మలో చూడలేదని చెప్పింది. గోతియే లోయ వైపు తిరిగి నిలబడ్డాడు.

"బేకరీ నడపలేమండీ. ఎవరికి కాల్చాలి? పైగా మీ తమ్ముడిగారిని చూశాక మా ఆయన్ని ఆ పిండిలో నిలబెట్టలేను. కానీ బేకరీ ఉన్న ఆ ఇల్లు... వ్యాపారం లేకుండా ఇల్లు ఒక్కటీ ఇస్తారేమో అడగండి. వేసవిలో వస్తాం. బట్టీని ముట్టుకోం, అలాగే ఉంచుకుంటాం. ఆగస్టులో స్నేహితులొస్తే అందులో పిజ్జాలు చేసుకోవచ్చు."

ఆ పిల్ల వెటకారం చేయలేదు. ప్రేమతోనే అంది. శుక్రవారమంతా ఒళ్లు హూనం చేసుకుని ఊడ్చి, కుండీలు సర్ది, రంగులు కనిపించేలా తలుపులు తెరిచి మేం తయారుచేసింది వేసవి జనం కొనుక్కునే ఊరిని. పని చేసుకుని బతకడానికి వచ్చేవాడికి చూపించాల్సింది అది కాదని అప్పుడు తెలిసింది. చూపించడానికి మా దగ్గర ఇంకేముంది అని మరుక్షణమే తోచింది. గోతియే వెళ్లేముందు నా చెయ్యి గట్టిగా నొక్కి కిందికి దిగిపోయాడు. వాళ్ల కారు దీపాలు మలుపు తిరిగేదాకా చూసి బేకరీ వైపు నడిచాను. దారిలో మేయరు ఎదురై ఏమన్నారని అడిగితే, ఏమనలేదు, వెళ్లి తలుపులు మూయించు అన్నాను.

ఫిర్మాన్ పిండి బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గోతియే కలిపిన పిండి ముద్ద మీద తడిగుడ్డ కప్పి పెట్టాడు. దారంతా నేను మాటలు కూడబలుక్కుంటూ వచ్చాను. ఆలోచించుకుంటామన్నారు అని చెప్పొచ్చు. ప్రకటన చూసి ఇంకెవరో ఉత్తరం రాశారని చెప్పొచ్చు. కానీ వాడు నా మొహం చూడగానే ఒక్కటీ నోటికి రాలేదు.

"రారురా," అన్నాను. "ఇల్లు కావాలట, వేసవికి."

వాడు తల ఊపాడు. ఆశ్చర్యపోలేదు, కోప్పడలేదు.

"మంచి చెయ్యి వాడిది," అన్నాడు. "అక్కా, ఇంకెవరైనా రాశారా?"

"లేదు."

"ఒక్కరూ?"

"ఒక్కరూ రాయలేదు."

వాడు లేచాడు. మేకుకున్న ఏప్రన్ తీసి తల మీదుగా తొడుక్కున్నాడు. వెనక్కి చేతులు పెట్టి ముడి వేసుకోబోతే ఊపిరి చాలక చేతులు దిగిపోయాయి. ఏడాదిగా ఈ గదిలో నేను వాడితో దెబ్బలాడుతూనే ఉన్నాను. ఏప్రన్ దాచేశాను, పిండి బస్తాలు కింద కొట్లోనే ఉంచేశాను, మనిషి వస్తాడురా, ఈ ఒక్క వారం ఆగు, ఈ ఒక్క నెల ఆగు అన్నాను. ఇప్పుడు ఆగమంటే ఎవరు వచ్చేదాకా ఆగమనాలో నాకు తెలియలేదు.

వాడి వెనక నిలబడి, ఆ రెండు తాళ్లు పట్టుకుని, ముడి నేనే వేశాను.