పెద్దచెంచాకి పన్నెండు గ్రాములు

ఆస్ట్రేలియాలోని వారూంబా ఊరి వ్యవసాయ ప్రదర్శనలో అల్లం స్పాంజి కేకు అంటే ఈనిడ్ పేరే చెప్పుకునేవారు. ఏటా మార్చిలో జరిగే ఆ పోటీలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె కేకు లేని ఏడాది లేదు. ఈ ఏడాది ఆమె చేతులకు వణుకు పట్టుకుంది. డబ్బాలోంచి చెంచాతో పిండి తీస్తే గిన్నె చేరేసరికి సగం నేలపాలవుతోంది. ఎంత పడిందో, ఎంత పోయిందో ఆమెకే తెలియడం లేదు.

ప్రదర్శన వాళ్ల నిబంధన గట్టిది. పేరిచ్చిన మనిషే స్వయంగా చేయాలి. ఊళ్లో ఆడవాళ్లు జాలిపడి, "నేను చేసిపెడతాలే, నీ పేరు పెట్టుకో, ఎవరికి తెలుస్తుంది?" అని చెవిలో ఊదారు. ఈనిడ్‌కు ఒళ్లు మండింది. దొంగ కేకు పెట్టడం కంటే మానుకోవడమే నయమనుకుంది.

ఆమె కొడుకును కట్టుకుని ఆరు నెలల కిందట న్యూజిలాండ్ నుంచి వచ్చిన రేవా మాత్రం ఆ మాట అనలేదు. ఒక తూకం యంత్రం తెచ్చి వంటబల్ల మీద పెట్టింది.

"చెంచాలు వదిలేయండి, ఈనిడ్. గిన్నె దీని మీద పెట్టి డబ్బా వంచేయండి. అంకె రాగానే ఆపండి. చెయ్యి వణికితే వణకనివ్వండి."

చెంచాల లెక్కంతా గ్రాముల్లోకి మార్చి, పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించింది కూడా. గురువారం ఈనిడ్ ఆ లెక్క ప్రకారమే చేసింది. కేకు నడుమ గుంట పడింది.

"కార్న్‌ఫ్లోర్ చాల్లేదు," అంది ఈనిడ్ గుంటలో వేలు పెట్టి. "పెద్దచెంచాకి ఎంత రాశావ్?"

"తొమ్మిది గ్రాములు. మా అమ్మ ఇచ్చిన చెంచాతో కొలిచి మరీ తూచాను."

"ఏదీ, ఆ చెంచా పట్రా."

రెండు చెంచాలూ పక్కపక్కన పెట్టి చూశారు. రేవా చెంచా ఈనిడ్ చెంచాలో హాయిగా ఇమిడిపోయింది.

"మీ వాళ్లు పిచ్చుకలకు వండుతారా ఏంటే?"

"మీ వాళ్లే పారతో తింటారు. మాకు పెద్దచెంచా అంటే మూడు చిన్నచెంచాలే."

"ఇక్కడ నాలుగు. పెళ్లికి ముందు ఇలాంటివి అడగాలమ్మాయ్, మావాడి ఉద్యోగం గురించి కాదు."

ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. రేవా ఈసారి అత్తగారి చెంచాతో తూచి, తొమ్మిది కొట్టేసి పన్నెండు రాసింది. మిగతా అంకెలూ అలాగే దిద్దింది.

శుక్రవారం ఈనిడ్ మళ్లీ మొదలుపెట్టింది. పిండి రెండుసార్లు ఒలికింది. గుడ్డుపెంకు ముక్క గిన్నెలో పడితే, అది తీయడానికే పావుగంట పట్టింది. రేవా కుర్చీలోంచి లేవలేదు. కేకు మాత్రం ఎక్కడా కుంగకుండా పొంగింది.

మర్నాడు ప్రదర్శన హాల్లో పోటీ కేకులు తీసుకుంటున్న కోరల్ అనే ఆవిడ ఈనిడ్ చేతుల వంక చూసింది.

"మొత్తం నువ్వే చేశావా, ఈనిడ్?"

"నేనే," అంది ఈనిడ్. ఆ ఒక్క మాటకు ఆమె గుండె నిండిపోయింది.

మూడో బహుమతి వచ్చింది. కారెక్కాక ఈనిడ్ రేవా వైపు తిరిగింది.

"అందరూ చేసిపెడతామన్నారు. నువ్వొక్కదానివే నన్ను చేయనిచ్చావ్. నీ మేలు మర్చిపోనే."

"లేచి సాయం చేయకుండా కూర్చునేసరికి నా ప్రాణం పోయింది, ఈనిడ్."

"తెలుసు. రెండు చేతులూ తొడల కింద నొక్కిపెట్టుకుని కూర్చున్నావ్. నేను చూడలేదనుకున్నావా?"