రాయన తొలిచలి బొంత

మార్గశిరమాసము సగపాలు గడచినది. తూర్పుకనుమల శిఖరములను రాత్రియెల్ల కౌగిలించియుండిన నీహారపటలము ప్రొద్దెక్కినను సడలక లోయలను పూడ్చి సెలయేళ్లను మ్రింగి మద్దిమ్రాకులను ధూసరచ్ఛాయామాత్రములను గావించి గుమ్మలకొండ దుర్గపు బురుజులు నిన్నటి చోటనే యున్నవో లేవో యని కావలివారికే సందేహము పుట్టించుచుండెను. భాస్కరుడు ఉదయించెనని కోళ్లు చెప్పగా విని నమ్మవలసినదే గాని కన్నులార జూచి నమ్ము భాగ్యము దుర్గవాసులకు లేకుండెను. ముంగిళ్లయందు నెగళ్లచుట్టు చేరిన వృద్ధులు ఇంతటి చలి తమ యెరుకలో లేదని యేటేట చెప్పుకొనునట్లే ఆ యేడును చెప్పుకొనుచు అరచేతులు కాచుకొనుచుండిరి.

అట్టి హేమంతమున దళవాయి భైరవనాయకుని గృహమందు రాయన యను అయిదు నెలల శిశువు తన జీవితమునందలి మొదటి చలికాలమునకు ఎదురేగుచుండెను. ఎదురేగుట యనగా వాడు చేసినదేమియు లేదు. బొటనవ్రేలు చీకుచు తొట్టెలో నిశ్చింతగా పవళించియుండెను. భయమంతయు వాని తల్లియగు నాగాంబికది.

ఆమె సముద్రతీరమునందలి ఓడపాలెమున పుట్టి పెరిగినది. అచట చలికాలమనగా తెల్లవారుజామున పైట నొకింత దగ్గరగా లాగుకొనుటయే. వివాహానంతరము కొండయెక్కి కొన్ని మాసములైనను గడువకముందే గర్భవతియై పుట్టినింటికి మరలి నిరుటి శీతకాలమును అచటనే గడపి బిడ్డతో ఈ కార్తికమున తిరిగివచ్చెను. కావున తల్లికిని బిడ్డకును ఇదియే తొలిచలి. కూతురిని సాగనంపుచు తల్లి దూది కుట్టిన మెత్తని క్రొత్త దుప్పటియు రెండు కుళ్లాయిలును పిడులుగల ఇత్తడి కుంపటియు ఇచ్చి వాటితోపాటు ఒక హెచ్చరికను గూడ మూటగట్టి పంపెను. సంతానము లేని ఆడబిడ్డ యున్న యింట పసివానిని కనురెప్పవలె కాచుకొనవలెనని ఆ హెచ్చరిక. దుప్పటి ఉతికినకొలది పలుచబడవచ్చును గాని ఆ మాట దినదినమును చిక్కబడుచుండెను.

ఆ ఆడబిడ్డ పేరు కోనమాంబ. భైరవనాయకునకు అక్క. భర్త గతించిన పిదప తమ్ముని యింటికి వచ్చి తాళపుచెవులను నడుమున దోపుకొని ఇంటి బరువంతయు మోయుచున్న స్వల్పభాషిణి. భైరవనాయకుడు కనుమదారి కాపునకై దళముతో వెడలియుండుటచే గృహమున ఈ యిరువురు స్త్రీలును ఆ శిశువును మాత్రమే మిగిలిరి.

బిడ్డను చలికి సిద్ధపరచుటలో కోనమాంబ చూపిన శ్రద్ధకు వంక పెట్టుటకు వీలులేదు. ఆముదమును గోరువెచ్చజేసి మాడున నద్దును. నువ్వులనూనెతో కాళ్లు చేతులు సాగదీసి మర్దించి నలుగిడి వేడినీళ్లు పోసి క్షణమాలసింపక తుడిచి సాంబ్రాణిపొగ పట్టి చెవులలో దూది యుంచి కుళ్లాయి తొడుగును. అయినను ఆమె వానిని ముద్దాడగా చూచినవారు లేరు. స్నానము ముగిసినతోడనే నిప్పును తాకినట్లు వానిని తల్లి యొడిలో నుంచి మొగము త్రిప్పుకొని పోవును. ప్రేమలేని ఈ శ్రద్ధ దేనికని నాగాంబిక తనలో తాను ప్రశ్నించుకొనసాగెను. అనుమానము పుట్టిన మనస్సునకు ఎదుటివారి మంచితనమును మేతయే గదా.

అంతకంటె దుస్సహమైనది కుంపటి వ్యవహారము. పగలెల్ల పడకగది వాకిలి తెరచియుండగా కుంపటి లోపల నుండుటకు కోనమాంబ అడ్డుచెప్పదు. సాయంకాలమున తలుపులు మూయు వేళకు మాత్రము ఎచటనున్నను వచ్చి నిప్పులు కణకణలాడుచుండగనే దానిని పిడులు పట్టి వెలుపలికి గొనిపోవును. పోవుచు గవాక్షపు రెక్కను బెత్తెడు తెరచి మరీ పోవును. ఆ సందునుండి మంచు పాకివచ్చి తొట్టెయందలి శిశువు ముక్కు కొనను ఎర్రబరచును. కొన్ని దినములు సహించి నాగాంబిక కారణమడిగెను.

"తొట్టె వ్రేలాడు కప్పుక్రింద ఆ ప్రశ్న యడుగరాదమ్మాయీ. ఈ కొండలయం దదియే యాచారము" అని కోనమాంబ బదులుచెప్పి కుంపటి నెత్తుకొని వెడలెను.

పసివానిని చలిలో నుంచుమను ఆచార మేలోకమున గలదు? నాగాంబికకు ఆ రాత్రి కంటికి కునుకు లేదు. నాటినుండి ఆమె చూపు వదినె చేతులను విడువలేదు. చూచినకొలది చూడవలసినవి పెరిగెను. ప్రతిదినమును తెల్లవారకముందే కోనమాంబ అడుగుల చప్పుడు కాకుండ వచ్చి తొట్టెపై వంగి శిశువు ముక్కునొద్ద వ్రేళ్లుంచి కొంతసేపు నిశ్చలముగా నిలిచి తిరిగిపోవుచుండెను. నాగాంబిక నిద్ర నటించుచు ఆ వ్రేళ్లనే చూచుచుండెను. అవి యొక యంగుళము క్రిందికి జరిగినచో లేచి దూకుటకు ఆమె కాళ్లు దుప్పటిలోనే సిద్ధముగా నుండెడివి.

పిమ్మట చీరల పెట్టె తెరచినపుడు తన పసుపువన్నె పాతచీర కొంగు అరచేతి వెడల్పున కత్తిరింపబడి యుండుటను గాంచెను. ఎలుక కొరికినది గాదు. కత్తెర నడచిన తిన్నని అంచు. పెట్టెయంతయు వెదకి చూడ భర్త విడిచిపోయిన ప్రాత తలపాగ చెరగు గూడ లేకుండెను. కట్టువస్త్రపు తునకలు దొరకినచో చేతబడి చేయువారికి మరేమియు నక్కరలేదని ఓడపాలెమున చిన్నపిల్లలకు గూడ తెలియును. ఆ మరునాడే పెరటిగోడ చెంత మంచుతెరలో బొగ్గులు తెచ్చు గురువి యను కొండజాతి స్త్రీ కోనమాంబ చేతిలో ఒక చిన్నమూట నుంచుటయు ఆమె దానిని పైటక్రింద దాచి ఇటునటు చూచి లోపలికి వచ్చుటయు నాగాంబిక కండ్లబడెను. ఇంక తెలియవలసినదేమున్నది? తన చీరతునకయు బిడ్డ తండ్రి తలపాగ తునకయు కొండమందును ఒక్కచో చేరినవి. చేరవలసినది బిడ్డ ప్రాణమొక్కటియే. ఆ యూహ వచ్చినది మొదలు ఆమెకు అన్నము సయించలేదు. మగడు దగ్గర లేడు. పుట్టినిల్లు దూరము. తన బిడ్డను తానే కాపాడుకొనవలెనని ఆమె నిశ్చయించుకొనెను.

ఆ వారముననే చలి మిక్కుటమయ్యెను. ఒకనాడు మధ్యాహ్నమైనను మంచు విడలేదు. రాయన రెండుమారులు తుమ్మి పాలు త్రాగక ఏడ్చుచు పడుకొనెను. వాని పాదములు చేతికి నీళ్లలో రాళ్లవలె తగిలెను. కోనమాంబ యేదియో పనికై గురువి పల్లెకు పోయియుండెను. ఇంతకంటె మంచి యదను దొరకదని నాగాంబిక పుట్టినింటి కుంపటి నిండ బొగ్గులు పోసి రాజబెట్టి గదిలోనికి దెచ్చి తలుపు గడియవైచి గవాక్షమును మూసి దాని సందులలో పాతగుడ్డలు క్రుక్కి శిశువును క్రొత్త దుప్పటిలో చుట్టి కుంపటికడనే కూర్చుండెను.

గది వెచ్చబడెను. ఎన్నాళ్లకో తన యిల్లు తనకు దొరకినట్లుండెను. రాయన ఏడుపుమాని కన్నులు మూసెను. వాని చెక్కిళ్లు కెంపెక్కుచుండగా చూచి ఆమె పొంగిపోయి ఇంతమాత్రపు వెచ్చదనమునకు ఆ మహాతల్లి ఇన్నాళ్లు అడ్డుపడెనే యని పండ్లు నూరెను. కొంతసేపటికి కణతలు అదరసాగెను. నిద్రలేమి యనుకొనెను. తల బరువెక్కెను. భయము తీరినందువలన గలిగిన అలసట యనుకొనెను.

అంతలో తలుపు తట్టిన చప్పుడు వినవచ్చెను.

"అమ్మాయీ, గడియ తీయుము. కుంపటి వెలుపల నుంచుము" అని కోనమాంబ కంఠము. ఆ కంఠమున ఎన్నడును లేని వణకు ఉండెను.

"తీయను వదినె. నా బిడ్డను చలిపాలు కానీయను" అని నాగాంబిక బదులిచ్చెను. ఆ మాట తన నోటనుండియే వచ్చినను ఎచటనో దూరమున నెవరో పలికినట్లు తోచెను.

గవాక్షమైన తెరువుమని వెలుపలి కంఠము వేడుకొనెను. నాగాంబిక బిడ్డపై దుప్పటి అంచును మరింత బిగించెను. అడుగులు పరుగెత్తిపోయిన సవ్వడి వినబడగా గెలిచితి ననుకొని లేచి బిడ్డను మరింత దగ్గరకు తీసుకొనబోయెను. కాళ్లు లేవలేదు. చేయి చాపవలెననుకొనెను గాని చేయి తనమాట వినలేదు. అంతట తలుపుపై ఏదియో బరువైనది దబదబ పడసాగెను. గడియ విరిగి తలుపు బార్లా తెరచుకొనగా తెల్లని మంచువెలుగులో జుట్టుముడి వీడి రెండు చేతులతో రోకలి నెత్తి నిలిచిన కోనమాంబ ఆమెకు కనబడెను. నా యనుమానము నిజమయ్యెనని తలచుటకు మాత్రమే ఆమెకు తెలివి మిగిలెను.

మరల కన్నులు తెరచునప్పటికి ఆమె ముంగిట తడినేలపై పడియుండెను. కోనమాంబ వెంట వచ్చిన గురువి ఆమె మొగమున నీళ్లు చల్లుచుండెను. నాలుగడుగుల దూరమున కోనమాంబ మోకాళ్లపై రాయన ఉండెను. క్రొత్త దుప్పటి లేదు. కుళ్లాయి లేదు. ఆ భయంకరమైన మంచులో వాని రొమ్ము తెరచి అరికాళ్లు రుద్దుచు నోటిలో గాలి యూదుచు కోనమాంబ తనలో తానేదియో గొణుగుకొనుచుండెను. చంపుచున్నదని కేకవేయవలెనని నాగాంబిక నోరు తెరచెను. అప్పుడే మొదటిసారిగా ఆమె ఆ మొగమును తిన్నగా చూచెను. ఆ కన్నులనుండి ధారలు కారుచుండెను. ఆ పెదవులు గొణుగుచున్నది మంత్రము గాదు. ఊపిరి తీయుము నాయనా, తీయుము నాయనా యని అదియే మాట మరల మరల.

శిశువు దగ్గెను. కొంత తడవునకు సన్నగా మూలిగెను. పిమ్మట దుర్గమెల్ల వినునట్లు గట్టిగా ఏడ్చెను. ఇంటిలో కొన్నాళ్లుగా వినుచు విసుగుకొనిన ఆ యేడుపునకే ఇరువురు స్త్రీలును అప్పుడు చెవులప్పగించిరి. కోనమాంబ వానిని తన పైటలో చుట్టి గుండెకు హత్తుకొని నుదుట ముద్దిడెను.

"ఇచట కప్పు లేదు గనుక చెప్పుచున్నాను" అని ఆమె పలికెను. "నాకును ఒక కొడుకు పుట్టెను. వానికి అది మొదటి చలికాలము. వాడు చలికి వడకుచున్నాడని మా అత్తగారు తలుపులు బిగించి కుంపటి పెట్టుకొని వానిని ప్రక్కలో పరుండబెట్టుకొనిరి. ఆమెకు వాడు ప్రాణము. తెల్లవారి చూడ ఇరువురిలో ఎవరును లేవలేదు. బుగ్గలు మాత్రము ఎర్రగా నుండెను. గ్రహము తాకెనని అందరు ననిరి. నేను ఆ కుంపటిని చూచితిని."

నాగాంబిక తల వంచుకొనెను. ఈ మాట ముందే చెప్పియున్నచో ఇంత జరుగకపోవును గదాయని మెల్లగా అడిగెను.

"పోయిన బిడ్డమాట తొట్టె వినరాదు. చెప్పినచో ఆ కీడు వీనికి తగులునని భయపడితిని. నా కన్ను సోకునని ఎత్తి ముద్దాడుటకును భయపడితిని. తుదకు చెప్పకపోవుటయే వీనికి తగిలినది" అని కోనమాంబ ఆ పసివాని తల నిమిరెను.

ఆనాటి సాయంకాలము తలుపులు మూయకముందు కుంపటిని వెలుపలికి మోసినది నాగాంబికయే. గవాక్షపు రెక్కను బెత్తెడు తెరచి ఆమె వెనుదిరుగునప్పటికి కోనమాంబ తన గదినుండి కుట్టుపెట్టెతో నొక బొంతను దెచ్చి తొట్టెపై పరచెను. పూర్తియగువరకు తల్లికంట పడగూడదని గుట్టుగా కుట్టిన బొంత యది. అందు పసుపువన్నె చీరకొంగు ఉండెను. తలపాగ చెరగు ఉండెను. నిండునూరేండ్లు బ్రతికిన కావలివాని ధోవతితునకయు పెక్కుమంది బిడ్డలను పెంచిన గురువి రవికగుడ్డయు ఉండెను. చల్లగా బ్రతికినవారి పాతబట్టలే పసివారికి అండగా నుండునని ఆ కొండల నమ్మకము. లోపల కూరినది గురువి మూటగట్టి తెచ్చిన అడవిబూరుగు దూది. నాగాంబిక ఒక్కొక్క తునకను వ్రేలితో తడవుచు పోయి చివరకు తలయెత్తెను.

"ఇందు మీ చీరతునక లేదేమి వదినె?"

"నాది పనికిరాదమ్మాయీ. బిడ్డ దక్కనిదాని వస్త్రము దీనియందు చేర్చరాదు" అని కోనమాంబ కుట్టుపెట్టె మూయబోయెను.

నాగాంబిక ఆ పెట్టెలోని కత్తెరను చేకొని వదినె తెల్లచీర కొంగును అడుగకయే అరచేతి వెడల్పున కత్తిరించెను. తాను ఎన్నిదినములు ఏ కోతను జూచి కుమిలెనో ఆ కోతయే ఇది. కోనమాంబ చేయి అడ్డముపెట్టబోయి పెట్టలేకపోయెను. దీపపువెలుగున కూర్చుండి నాగాంబిక ఆ తెల్లని తునకను శిశువు గుండెలకు తగులుచోట నిలిపి వంకరటింకర కుట్లతోనైనను గట్టిగా కుట్టెను. చలి బిగించిన తలుపులవలన తొలగదనియు మనస్సులోని మంచు మాటవలన గాని విడదనియు ఆ యింట తెలిసివచ్చుటకు రెండు ప్రాణములు పోయి మరి రెండు పోవువరకు రావలసివచ్చెను. బొంత కప్పగానే రాయన ఆ తెల్లని తునకనే పిడికిట పట్టుకొని నోటబెట్టుకొని నిద్రించెను. తెల్లవారుజామున కోనమాంబ వచ్చి వంగి వాని ముక్కునొద్ద వ్రేళ్లుంచినపుడు నాగాంబిక కన్నులు తెరువక ఆమెకు చోటిచ్చి ప్రక్కకు జరిగెను.