నలభై ఆకుపచ్చ చుక్కలు

నేను ఒక ఇనుప బల్లను. ఆరడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు, యాభై కిలోల పైచిలుకు బరువు. పొడవు సంగతి మొదటే చెప్పేస్తున్నాను, గుర్తుపెట్టుకోండి. నా కథలో జరిగిన మోసమంతా ఆ ఆరడుగుల్లోనే ఉంది.

నేను పుట్టింది ఆటోనగర్‌లో, వెల్డర్ మస్తాన్ షెడ్డులో. అంతకుముందు జన్మలో ఇసుక లారీ తొట్టికి అడుగురేకుని. మీద గళ్లు గళ్లుగా ఉంటాను కాబట్టి తడిసినా జారను. ఆ ఒక్క గుణం చూసే మస్తాన్ నన్ను తుక్కులోంచి బయటికి లాగాడు. విక్టోరియా కోసం.

విక్టోరియాకి మూడేళ్లప్పుడు పోలియో వచ్చింది. చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీద తిరుగుతుంది. మార్కెట్ మలుపులో సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న బంకు ఆమెది. బండి తిప్పి తిప్పి భుజాలు గట్టిపడ్డాయి. ఊళ్లో ఎంత దూరమైనా పోగలదు, ఇంటి గుమ్మం తప్ప. గుమ్మం ముందు రెండు మెట్లు. రోజూ పొద్దున్న అన్న దానియేలు ఆమెని ఎత్తి కిందికి దించాలి, బండిని దించాలి, సాయంత్రం మళ్లీ ఎక్కించాలి. సెంట్రింగు పనికి పోయేవాడు. అతని నడుముకి రెండు పనులు.

"ఎంత ఎత్తమ్మా?" అని టేపు పట్టుకుని అడిగాడు మస్తాన్.

"పది అంగుళాలు. ముప్ఫై నాలుగేళ్లుగా నాకు అడ్డం పడ్డది ఆ పది అంగుళాలే అన్నా."

మెట్ల మీద వాలుగా పరవడానికి నన్ను కోసి, చక్రం పక్కకి దొర్లకుండా రెండు వైపులా అంచులు కట్టి రంగు వేశాడు. ఎడమ అంచుకి ఆకుపచ్చ, కుడి అంచుకి పసుపు.

"రెండు రంగులేంటన్నా, పార్టీ జెండాలాగ?"

"ఆకుపచ్చ ఆటోవాళ్లది, డబ్బా అయిపోయింది. పసుపు స్కూలు బస్సుది. మంచిదేలే, దారి తప్పవు."

"దారి తప్పడానికి ఉన్నది ఆరడుగులేగా!"

ఆ రోజు ఆమె నా మీద పదకొండుసార్లు దిగి, పదకొండుసార్లు ఎక్కింది. ఎదురింటావిడ బయటికొచ్చి, "ఏం మర్చిపోయావే, ఇన్నిసార్లు లోపలికెళ్తున్నావు?" అని అడిగింది. "ఏం లేదత్తా, ఊరికే" అంది విక్టోరియా. ఊరికే దిగడం, ఊరికే ఎక్కడం. కాళ్లున్నవాళ్లు లెక్కచెయ్యని సుఖం అది. నాలుగేళ్లు ఆమెకి ఆ సుఖం ఇచ్చాను. నా బతుకులో నిజాయితీగా గడిపినవి ఆ నాలుగేళ్లే.

తర్వాత ఫోన్లలోకి ఒక మ్యాప్ వచ్చింది.

మంచి మ్యాపే. నడవలేనివాళ్ల కోసం తయారుచేసింది. ఊళ్లో ఏ ఆఫీసుకి ర్యాంపు ఉంది, ఏ ఆసుపత్రి తలుపు వెడల్పుగా ఉంది అన్నీ అందులో చూపిస్తుంది. ఆకుపచ్చ చుక్క ఉంటే అక్కడికి ఒంటరిగా వెళ్లొచ్చని అర్థం. ఎర్రచుక్క ఉంటే ఎత్తేవాళ్లని వెంట తీసుకెళ్లాలి. ఊరికి ఎర్రచుక్కలు పెట్టినవాళ్లలో విక్టోరియా ఒకతె. బంకు మూసే ముందు రోజుకో వీధి తిరిగి, మెట్లు లెక్కపెట్టి, నెలరోజుల్లో అరవై చుక్కలు పెట్టింది. ఆమెకి ఎవరూ జీతం ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు.

ఎర్రచుక్కలు మరీ ఎక్కువై పైవాళ్లకి కళ్లు మండాయి. రెండు నెలల్లో నలభై భవనాలకి ర్యాంపులు కట్టి, వాటిని ఆకుపచ్చ చెయ్యమన్నారు. ఆ పని పానకాలరావు అనే కాంట్రాక్టరుకి దక్కింది. ఒక ఆదివారం అతను ట్రాలీ ఆటోతో విక్టోరియా ఇంటి ముందు దిగాడు. నన్ను అటూ ఇటూ తిరిగి చూశాడు. పెళ్లిచూపుల్లో కూడా అంత శ్రద్ధగా చూడరు.

"ఇట్లాంటివే నలభై చేయించాలమ్మా. కొలతలకి నమూనా కావాలి. వారంలో తెచ్చిచ్చేస్తా."

"కొలతలు రాసుకెళ్లొచ్చుగా అండీ?" అన్నాడు దానియేలు.

"కాగితం చూసి ఇనుము కోస్తే తేడాలొస్తాయి బాబూ."

దానియేలు ఇంకేదో అనబోయాడు. విక్టోరియా అననివ్వలేదు. "తీసుకెళ్లండి సార్. నా ఒక్కదానికి ఒకటుండే కంటే ఊరికి నలభై ఉంటే నయం కదా" అంది.

దానియేలు చెయ్యి తనకి తెలియకుండానే నడుము మీదకి పోయింది. నేను ట్రాలీ ఎక్కాను.

నన్ను ఏ వెల్డింగు షాపుకీ తీసుకెళ్లలేదు. సోమవారం పొద్దున్నే ఒక గ్రంథాలయం మెట్ల మీద పరిచారు. హారిక అనే సర్వే అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది, ఫొటో తీసింది, వెళ్లిపోయింది. ఆమె సందు తిరగగానే నన్ను మళ్లీ ట్రాలీలో పడేశారు. పదకొండు గంటలకి ఇంకో ఆఫీసు. రెండు గంటలకి ఒక ఆసుపత్రి.

ఇందులో తెలివేమిటో చెప్తాను. ఫొటో ఎక్కడ తీశారో ఆ చోటుని ఫోనే రాసుకుంటుంది. అందుకని ఒకే ఫొటోని నలభై చోట్ల చూపించడానికి వీల్లేదు. ఒకే బల్లని నలభై చోట్ల తిప్పడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. మనుషులు యంత్రానికి కళ్లు పెడతారు, ఆ కళ్ల ముందు ఏం పెట్టాలో కూడా వాళ్లే చూసుకుంటారు.

ఐదో చోట హారిక ఆగింది. "సార్, ఇది కూడా ఎడమ ఆకుపచ్చ, కుడి పసుపేనా?"

"మా డిజైనే అంత మేడమ్. ఊరంతా ఒకటే."

"వాలు కొలవాలి సార్."

"కొలిచే ఉంది, కాలమ్‌లో చూడండి. ఓకే నొక్కెయ్యండి. ఎండలో ఎందుకు మీకు?"

ఆమె నొక్కింది. చెడ్డపిల్ల కాదు, మావి కాక ఊళ్లో మిగతావి కూడా కలిపి రోజుకి పన్నెండు భవనాలు పూర్తిచెయ్యాలి. ఆమె చూడని సంగతి ఇంకోటుంది. మెట్లు ఎన్నున్నా నన్ను కింది రెండు మెట్ల మీదే పరిచేవాళ్లు. ఫొటో దగ్గర్నుంచి తీయించేవాళ్లు. పై మెట్లు ఫొటోలోకి రావు. రాజధాని నుంచి వచ్చిన పెద్దలు ఆ ఫొటోలు చూసి, "అన్నిచోట్లా ఒకే ప్రమాణం, భేష్" అన్నారట. పానకాలరావుకి శాలువా కప్పారు.

ట్రాలీ నడిపేది సింహాద్రి. మాటలు తక్కువ మనిషి. నన్ను తీసుకొచ్చిన రోజు విక్టోరియా అతని నంబరు రాసుకుంది. రెండు మూడు రోజులకోసారి ఫోను చేసేది. అతను స్పీకరు పెట్టి మాట్లాడేవాడు కాబట్టి అన్నీ నాకు వినపడేవి.

"సింహాద్రన్నా, ఇవాళ్టికి ఇరవైమూడు చుక్కలు మారాయి! మస్తానన్నకి చెప్పాను, నీ బల్లకి ఇరవైముగ్గురు పిల్లలు పుట్టారని. తెగ మురిసిపోయాడు."

"అవునమ్మా" అనేవాడు సింహాద్రి.

"తల్లినెప్పుడు పంపిస్తారు మరి? దానియేలన్నయ్య నడుం పట్టేసి మూడు రోజులు పనికెళ్లలేదు. నేనూ బంకు తియ్యలేదు."

"అయిపోవచ్చిందమ్మా."

ఫోను పెట్టేశాక చాలాసేపు స్టీరింగు వంక చూస్తూ కూర్చునేవాడు. వారం అన్నది రెండు నెలలైంది.

ఒక గురువారం పదకొండు ఇరవైకి మళ్లీ ఫోను మోగింది. మేము ఒక పోస్టాఫీసు ముందున్నాం. ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు.

"అన్నా, నా బల్ల ఎక్కడుంది?"

సింహాద్రి బీడీ ముట్టించాడు.

"పాత జిల్లా ఆఫీసు ముందున్నాను. మ్యాప్‌లో ఆకుపచ్చగానే ఉంది. ఇక్కడ చూస్తే ఏడు మెట్లున్నాయి, ర్యాంపు లేదు. ఫిర్యాదు నొక్కితే ఫొటో వచ్చింది. ఎడమ ఆకుపచ్చ, కుడి పసుపు. అది నా బల్లేగా? మిగతా చుక్కలు కూడా నొక్కి చూశాను. అన్నిట్లోనూ నా బల్లే ఉంది."

"అమ్మా..."

"తిట్టడానికి చెయ్యలేదన్నా. పన్నెండింటిలోపు నేను లోపలికెళ్లి సంతకం పెట్టాలి. వికలాంగుల కోటాలో ఉద్యోగం, లిస్టులో మొదటి పేరు నాదే. స్వయంగా రాకపోతే రెండో పేరుకిచ్చేస్తారు. వచ్చే నెల నాకు వయసు దాటిపోతుంది. చుక్క చూసుకుని అన్నయ్యని రావద్దన్నాను. పనికెళ్లిపోయాడు, ఫోను తియ్యట్లేదు."

వెనకాల ఎవరో గుమస్తా గొంతు వినపడింది. "ర్యాంపు లేదంటావేంటమ్మా? రికార్డులో ఉంది చూడు."

"రికార్డు మీద బండెక్కించమంటారా సార్? రిజిస్టరు ఒక్క నిమిషం కిందికి తెండి, సంతకం పెట్టేస్తాను."

"రిజిస్టరు గుమ్మం దాటకూడదమ్మా. మా ప్యూన్లు ఎత్తుకొస్తారులే, రమ్మంటాను."

"వద్దు సార్. పోయినసారి ఎత్తినవాళ్ల చేతులు ఎక్కడెక్కడ పడ్డాయో నాకు తెలుసు."

సింహాద్రి బీడీ పారేశాడు. అప్పుడే ఆటో దిగుతున్న హారిక, "ఎక్కడికి? ఫొటో తియ్యాలి!" అని అరిచింది. అతను వెనక్కి చూడలేదు. "అక్కడే ఉండమ్మా, వచ్చేస్తన్నా" అని ఫోనులో ఒక్కమాట చెప్పి బండి దూకించాడు.

నేను ట్రాలీలో ఎగిరెగిరి పడుతున్నాను. పదకొండు ముప్ఫైయిదుకి రైల్వేగేటు వేశారు. సింహాద్రి బండి తిప్పి చేపల మార్కెట్ సందులోంచి పోనిచ్చాడు, బుట్టలు తోసుకుంటూ, తిట్లు తింటూ. పానకాలరావు నుంచి ఏడుసార్లు ఫోను వచ్చింది. ఎనిమిదోసారి సింహాద్రి దాన్ని ఆపేశాడు. పదకొండు నలభైతొమ్మిది. ఇన్నాళ్లూ దొంగలా తిరిగినదాన్ని, మొదటిసారి పనికొచ్చే చోటికి పోతున్నానని నాకు ఒకటే ఆత్రం. ఇనుముకి గుండె ఉండదంటారు. ఆ అరగంట నాకు ఉంది.

పదకొండు యాభైమూడుకి చేరాం. నన్ను చూడగానే విక్టోరియా మొహంలోకి ప్రాణం వచ్చింది. సింహాద్రి ఒక్కడే నన్ను దించి మెట్ల మీదికి తోశాడు.

నేను పైదాకా అందలేదు.

ఏడు మెట్లు. నేను పుట్టింది రెండింటి కోసం. ఆ ఆత్రంలో నేనూ సింహాద్రీ అది మర్చిపోయాం. ఐదో మెట్టుకి ఆనుకుని, గోడకి చేర్చిన నిచ్చెనలా నిక్కి నిలబడ్డాను. ఆ నిటారు మీద బండి ఎక్కితే వెనక్కి పల్టీ కొడుతుంది. సింహాద్రి నన్ను పైకి జరిపాడు, అప్పుడు కింద అందలేదు. కిందికి జరిపాడు, అప్పుడు పైన అందలేదు. కింది రెండు మెట్ల మీద పరిస్తే చక్కగా కూర్చున్నాను, ఫొటోలో ఉన్నట్టే.

విక్టోరియా నా వంక చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. "దానిదేం తప్పులే. అది మా గుమ్మానిది" అంది.

కాగితాల సంచి మెడకి తగిలించుకుంది. బండి దిగి, అరచేతులు మెట్టు మీద ఆనించి, ఒళ్లంతా పైకి లాక్కుంది. ఒక మెట్టు. రెండో మెట్టు. సింహాద్రి చేతులు చాపబోతే తల అడ్డంగా ఊపింది. వరండాలో నలుగురు చేరారు. ఒకడు ఫోను తీసి వీడియో పట్టాడు. నాలుగో మెట్టు మీద చీర కింద చిక్కుకుంది, విడిపించుకునేసరికి నిమిషం పోయింది. ఏడో మెట్టు ఎక్కి, వరండా అంతా పాక్కుంటూ దాటి, తలుపు దగ్గరికి చేరింది.

"పన్నెండు దాటి నాలుగు నిమిషాలైందమ్మా" అన్నాడు గుమస్తా. "రిజిస్టరు మూసేశాం. ఇందాకే ప్యూన్లని పిలవనిచ్చి ఉంటే సరిపోయేది."

దిగేటప్పుడు కూడా ఎవర్నీ తాకనివ్వలేదు.

విక్టోరియా ఫిర్యాదు రాసింది. హారిక జరిగింది జరిగినట్టు రాసిచ్చింది, వచ్చే నెల నుంచి ఆమెని పనిలోకి రావద్దన్నారు. సింహాద్రిని ఆ రోజే తీసేశారు. పానకాలరావు, "ర్యాంపులు పెట్టాం, జనం ఎత్తుకుపోయారు" అన్నాడు. విచారణకి ఒక అధికారిని వేశారు. నన్ను సాక్ష్యం కింద పట్టుకున్నారు. ఎక్కడ పెట్టాలని అడిగితే, ఆ పాత జిల్లా ఆఫీసులోనే రికార్డు గదిలో పెట్టమన్నారు. నలుగురు ప్యూన్లు నన్ను మోస్తూ ఏడు మెట్లూ ఎక్కారు. "అబ్బ, ఎంత బరువురా" అని దారిపొడుగునా తిట్టారు. విక్టోరియా చేతుల మీద పాకిన మెట్లు నేను ఎక్కాను, నలుగురి భుజాల మీద.

బల్లని గుర్తుపట్టాలని పిలిస్తే విక్టోరియా వచ్చింది, తోడుగా మస్తాన్ వచ్చాడు. మస్తాన్ పైకొచ్చి నన్ను తడిమాడు. నా పసుపు అంచు మీద చెయ్యి అలాగే ఉంచి, "నా చేతి అతుకే సార్" అన్నాడు.

"చేసినోడు చెప్తే కుదరదు. యజమాని పైకొచ్చి చూసి సంతకం పెట్టాలి" అన్నాడు గుమస్తా.

కిటికీలోంచి ఆమె గొంతు వినిపించింది. "నన్ను ఎక్కించడానికి చేసినదాన్ని మీరు ఎక్కించుకుని, నన్ను ఎక్కి రమ్మంటారా సార్?"

గుమస్తా రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు. కాసేపటికి మస్తాన్ కిందికి దిగాడు. "వదిలెయ్యమ్మా. ఇంకోటి చేసిస్తా. రేకు ఉంది."

"వద్దన్నా. ఇంకెవరైనా వచ్చి ఊరి కోసమంటే మళ్లీ ఇచ్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు."

బండి గొలుసు చప్పుడు వీధి మలుపుదాకా వినపడింది. ఆ తర్వాత లేదు.

నెల తర్వాత విచారణ అధికారి వచ్చాడు. రికార్డు గది తలుపు తీయించి, నన్ను చూసి, నిలబడే రాసుకున్నాడు. రాసింది గుమస్తాకి చదివి వినిపించాడు: "భవనమును స్వయముగా తనిఖీ చేయగా, ఆవరణలో ర్యాంపు ఉన్నట్లు నిర్ధారణ అయినది. ఫిర్యాదు ముగించడమైనది."

తలుపు వేసి తాళం పెట్టారు. మ్యాప్‌లో ఈ భవనం మీద ఆకుపచ్చ చుక్క ఇంకా అలాగే ఉందట. ఇప్పుడు దాన్ని అబద్ధమని ఎవరూ అనలేరు. ఈ భవనంలో ర్యాంపు ఉంది. ఏడు మెట్లు ఎక్కి, వరండా దాటి, ఎడమ చేతి రెండో గదిలో గోడకి ఆనుకుని నిలబడి ఉంది.